ఐసీయూలో షుగర్: ఎంత ఉంచాలి, డ్రిప్పా స్కేలా, రక్తం చుక్క ఎక్కడ తీయాలి

ఐసీయూలో ఉన్న రోగికి షుగర్ ఎంత ఉండాలని ఒకే ఆసుపత్రిలో నలుగురిని అడిగి చూడండి, నాలుగు సమాధానాలు వస్తాయి. గుండె సర్జన్ 150 దాటనివ్వొద్దంటారు. ఇంటెన్సివిస్ట్, అంటే ఐసీయూ స్పెషలిస్ట్, 180 లోపు ఉంటే చాలంటారు. ఫిజీషియన్ ఫోన్‌లోనే "స్కేల్ (షుగర్ ఇంతుంటే ఇన్సులిన్ ఇంత అనే పట్టిక) ప్రకారం ఇచ్చేయండి సిస్టర్" అని పెట్టేస్తారు. ఇక నైట్ డ్యూటీలో ఉన్న సిస్టర్ పైకి అనకపోయినా లోపల అనుకునేది ఒకటే, 200 ఉన్నా పర్లేదు, 50కి పడిపోకుండా తెల్లారితే చాలు అని.

నలుగురిదీ న్యాయమే. ఎవరి కళ్లముందు ఏ నష్టం జరుగుతుందో వాళ్లు దానికే భయపడతారు. కుట్లు చీము పట్టడం సర్జన్ చూస్తారు. అర్ధరాత్రి జీఆర్‌బీఎస్ (మీటర్ మీద షుగర్ పరీక్ష) చూస్తే మీటర్ మీద 'లో' అని పడటం, డ్రాయర్‌లో 25 పర్సెంట్ డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్ ద్రావణం) కోసం వెతుక్కోవడం సిస్టర్ చూస్తుంది.

ఇది పది పదిహేను పడకల ఐసీయూ నడిపేవాళ్లకి, అందులో డ్యూటీ చేసే డాక్టర్లకి, కొత్తగా ప్రోటోకాల్ రాసుకుందామనుకునే ఇన్‌చార్జ్ సిస్టర్లకి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టార్గెట్ మీద గొడవ దాదాపు తేలిపోయింది. తేలనిది పద్ధతి దగ్గరే, అది మాత్రం రాత్రి మూడింటికి మీ ఐసీయూలో ఎంతమంది చేతులు ఉంటాయో చూసుకుని ఎంచుకోవాలి. ఉదయం రౌండ్స్‌లో కన్సల్టెంట్, రిజిస్ట్రార్, ఇద్దరు స్టూడెంట్లు నిలబడి ఉన్నప్పుడు ఏ ప్రోటోకాల్ అయినా బాగానే ఉంటుంది.

టార్గెట్: 110, 140–180, లేదా అంతకన్నా వదులుగా

80–110 అనే అంకె బెల్జియంలోని లూవెన్ నుంచి వచ్చింది. గ్రీట్ వాన్ డెన్ బెర్గె బృందం 2001లో ప్రచురించిన ట్రయల్ అది. 1548 మంది సర్జికల్ ఐసీయూ రోగులు, అందులో ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవాళ్లు. షుగర్‌ని డెసిలీటర్‌కి 80–110 మి.గ్రా. మధ్య బిగించి పట్టినవాళ్లలో ఐసీయూ మరణాలు 4.6 శాతం, 215 దాటితే తప్ప ఇన్సులిన్ మొదలుపెట్టని రెండో గుంపులో 8 శాతం. ఈ తేడా చూసి ప్రపంచమంతా 110 వెంట పడింది. ఇప్పటికీ కొందరు సీనియర్లు "టైట్ కంట్రోల్" అంటున్నారంటే వాళ్లు చదువుకునే రోజుల్లో ఆ గాలి అంత బలంగా వీచింది మరి.

తర్వాత 2009లో నైస్-షుగర్ అనే ట్రయల్ వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా, అమెరికాల్లో కలిపి 6104 మంది. 81–108 మధ్య బిగించినవాళ్లలో 90 రోజుల్లోపు 27.5 శాతం మంది చనిపోయారు. 180 లోపు చాలన్నవాళ్లలో 24.9 శాతం. షుగర్ 40కో అంతకన్నా కిందకో పడిపోవడం బిగించిన వైపు 6.8 శాతం మందిలో, ఇటువైపు 0.5 శాతం మందిలో. అంటే మేలు చేస్తుందనుకున్న పద్ధతి వల్ల ఎక్కువమంది పోయారు.

అదే ఇన్సులిన్, దాదాపు అదే టార్గెట్, మరి ఫలితం ఎందుకు తిరగబడింది? లూవెన్‌లో మొదటి రోజు నుంచే నరం ద్వారా గ్లూకోజ్, పోషకాలు బాగా ఎక్కించేవాళ్లు, షుగర్‌ని ధమని రక్తంతో, ఖచ్చితమైన మెషీన్ మీద చూసేవాళ్లు. తర్వాతి ట్రయల్‌లో ఎక్కువమందికి కడుపు ద్వారానే ఫీడ్, మీటర్లు ఆసుపత్రికొక రకం. లూవెన్ బృందమే 2023లో మరో ట్రయల్ ప్రచురించింది. ఈసారి 9230 మంది, మొదటి వారం నరం ద్వారా పోషకాలు ఇవ్వలేదు, ఇన్సులిన్ డోసు కంప్యూటర్ లెక్కకట్టింది. హైపోలు (షుగర్ మరీ పడిపోవడాలు) చాలా తగ్గాయి కానీ, బిగించినందుకు ఐసీయూలో ఉండే రోజులూ తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. కంప్యూటర్ పక్కనున్నా లాభం రాని పని, కాగితం చార్ట్‌తో నలుగురు రోగుల్ని చూసుకునే మన సిస్టర్ చేత చేయించడం దేనికి?

అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 180 దగ్గర ఇన్సులిన్ మొదలుపెట్టి, ఎక్కువమందికి 140–180 మధ్య ఉంచమంటుంది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినడం) మీద 2021లో వచ్చిన గైడ్‌లైన్ కూడా 180 దగ్గరే మొదలుపెట్టమని, 144–180 మధ్య ఉంచమని అంటుంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లలాంటి కొందరికి, హైపో రాకుండా చేయగలిగితేనే, 110–140 పెట్టుకోవచ్చు. కాబట్టి సర్జన్ 150 అన్నప్పుడు ఆయన్ని పాతకాలం మనిషి అనేయకండి, "చేయగలిగితేనే" అన్న షరతు మీ యూనిట్‌కి వర్తిస్తుందా అని మాత్రం ఆయన్నే అడగండి.

వదులుగా వదిలేద్దాం, 200–250 ఉన్నా ఏం కాదు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలో కొంత నిజం ఉంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేక హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 10, 11 ఉన్న మనిషికి శరీరం ఆ స్థాయికే అలవాటు పడి ఉంటుంది, ఒక్కసారిగా 110కి దింపితే మీటర్ మీద నార్మల్, లోపల మాత్రం తక్కువైనట్టే. ఇది పరీక్షిద్దామని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో లూసిడ్ అనే ట్రయల్ చేశారు. టైప్ 2 డయాబెటిస్ ఉన్న రోగుల్ని 180–252 మధ్య ఉంచితే హైపోలు బాగా తగ్గాయి. మనుషులు ఎక్కువగా బతికారా అంటే లేదు.

వదులు అంటే వదిలేయడం కాదని 2021లో మనవాళ్లందరికీ తెలిసొచ్చింది. కోవిడ్‌కి స్టెరాయిడ్లు, ఒక్కోచోట అవసరానికి మించిన డోసులు, 400లు 500లు పలికే షుగర్లు, ఆ తర్వాత బ్లాక్ ఫంగస్. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికి నోడల్ కేంద్రంగా చేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో వార్డుల్లో పనిచేసినవాళ్లెవరూ 300ని తేలిగ్గా తీసుకోరు.

నా ఎంపిక: ఎక్కువమందికి 140–180. హెచ్‌బీఏ1సీ బాగా ఎక్కువున్నవాళ్లకి, కిడ్నీలు పాడై ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచేవాళ్లకి 200 వరకు పోయినా గాభరా పడక్కర్లేదు.

పద్ధతి: డ్రిప్, స్కేల్, బేసల్

ఇక్కడే డాక్టర్లకీ సిస్టర్లకీ అసలు తేడా వస్తుంది. డాక్టర్లకి స్లైడింగ్ స్కేల్ సుఖం. ఒక్కసారి రాస్తే చాలు: 150–200 అయితే 4 యూనిట్లు, 200–250 అయితే 6, 250–300 అయితే 8, అలా. ఆరు గంటలకోసారి చూడు, చర్మం కింద పొడువు. సిస్టర్‌కీ మొదట్లో ఇదే సుఖంగా ఉంటుంది, రౌండ్లు తక్కువ కదా. కానీ స్కేల్‌లో ఉన్న లోపం ఏమిటంటే అది షుగర్ పెరిగాకే మేలుకుంటుంది. పన్నెండింటికి 280, ఎనిమిది యూనిట్లు. ఆరింటికి 90, ఏమీ ఇవ్వొద్దు. మళ్లీ పన్నెండింటికి 310. మధ్య ఆరు గంటల్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. పైగా బీపీ పడిపోయి నోర్‌అడ్రినలిన్ (బీపీ నిలబెట్టే మందు) మీద ఉన్నవాళ్లకి, ఒళ్లంతా వాచి ఉన్నవాళ్లకి చర్మం కింద ఇచ్చిన మందు ఎప్పుడు రక్తంలోకి ఎక్కుతుందో చెప్పలేం. రెండుసార్లు ఇచ్చింది పనిచేయలేదనుకుని మూడోసారి ఇస్తే, సర్క్యులేషన్ మెరుగుపడగానే మూడూ కలిసి ఒకేసారి పనిచేస్తాయి.

సీరియస్‌గా ఉన్న రోగికి సిరంజ్ పంప్ మీద రెగ్యులర్ ఇన్సులిన్ డ్రిప్ మేలు. నరంలో ఇచ్చిన ఇన్సులిన్ ప్రభావం నిమిషాల్లో మొదలై, ఆపగానే త్వరగా తగ్గిపోతుంది, అదే దాని బలం. దాని ఖరీదు డబ్బు రూపంలో పెద్దగా ఉండదు, సిస్టర్ సమయం రూపంలో ఉంటుంది. షుగర్ నిలకడగా లేనంతసేపు గంటకోసారి చూడాల్సిందే. చెయ్యి కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, చుక్క తీసి, చార్ట్‌లో రాసి, రేటు మార్చి, రెండో సిస్టర్‌తో చెక్ చేయించుకుని మళ్లీ తన చోటికి వచ్చేసరికి ఐదు నిమిషాలు పోతాయి. అలా రోజుకి 24 సార్లు అయితే ఒక్క రోగికే రెండు గంటలు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక సిస్టర్ ఉండాలన్నది పుస్తకం లెక్క. మీ దగ్గర ఒక్కరు ముగ్గురినో నలుగురినో చూస్తుంటే, ముగ్గురికీ గంట గంటకీ డ్రిప్ రాసి వెళ్లిపోయిన డాక్టర్ చార్ట్‌లో అంకెలు నింపమని పరోక్షంగా చెప్పినట్టే. అప్పుడు 3 గంటల కాలమ్‌లో 162 అని, 4 గంటల కాలమ్‌లో 158 అని కుదురుగా ఉంటాయి, మరీ కుదురుగా ఉంటాయి.

డ్రిప్ ఎంచుకుంటే ఒక విషయం మీద మాత్రం అస్సలు రాజీ పడకండి, అది కలపడం. మన దేశంలో రెగ్యులర్ ఇన్సులిన్ వయల్ ఎక్కువగా మిల్లీలీటర్‌కి 40 యూనిట్లది. 100 యూనిట్లది కూడా దొరుకుతుంది. సిరంజీలూ రెండు రకాలు, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. 50 మి.లీ. సెలైన్‌లో 50 యూనిట్లు కలిపితే మిల్లీలీటర్‌కి ఒక యూనిట్, లెక్క తేలిక. 40 వయల్ నుంచి 50 యూనిట్లంటే 1.25 మి.లీ. తీయాలి. ఎవరైనా హడావిడిలో 100 సిరంజీతో 50 గీత దాకా తీశారనుకోండి, వచ్చేది అర మిల్లీలీటరు, అంటే 20 యూనిట్లే. డ్రిప్ నీళ్లలా పోతుంది, షుగర్ దిగదు, రేటు 3 నుంచి 6కి, 6 నుంచి 8కి పెంచుకుంటూ పోతారు. షిఫ్ట్ మారాక కొత్త సిస్టర్ సరిగ్గా 50 యూనిట్లు కలిపి, హ్యాండోవర్‌లో చెప్పిన అదే 8 రేటుతో పెడుతుంది. ఇప్పుడు అదే రేటుకి రెండున్నర రెట్లు ఇన్సులిన్ పోతోంది! తప్పు చేసింది ఒకరు, హైపో వచ్చింది ఇంకొకరి డ్యూటీలో, మెమో కూడా ఆవిడకే. ఐసీయూలో ఒకే రకం వయల్, ఒకే రకం సిరంజీ ఉంచండి, రెండోది ఫార్మసీ నుంచి పైకి రానివ్వకండి. సిరంజ్ మీద యూనిట్లు, టైమ్, కలిపినవాళ్ల సంతకం ఉండాలి. ఇన్సులిన్ ప్లాస్టిక్ ట్యూబ్‌కి అంటుకుంటుంది కాబట్టి కొత్త లైన్‌లోంచి కొంత ద్రావణం వదిలేశాకే రోగికి కలపండి.

డ్రిప్ మొదలుపెట్టేముందు పొటాషియం చూడటం మర్చిపోవద్దు. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెట్టేస్తుంది, అసలే 3 ఉన్నది ఇంకా పడితే గుండె లయ తప్పుతుంది. కీటోఅసిడోసిస్ (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లం పేరుకుపోవడం) వచ్చినవాళ్ల సంగతి పూర్తిగా వేరు, వాళ్ల డోసులూ సెలైనూ వేరే ప్రోటోకాల్, ఇందులో కలపకండి.

మూడోది బేసల్, అంటే రోజుకోసారి లాంగ్ యాక్టింగ్, దానికి తోడు ఫీడ్‌ని బట్టి షార్ట్ యాక్టింగ్. బీపీ నిలబడి, ఫీడ్ కుదురుకుని, నాలుగైదు రోజులుగా ఐసీయూలోనే ఉన్న రోగికి ఇది చక్కగా సరిపోతుంది. దీన్ని డాక్టర్లు వాడాల్సినంతగా వాడటం లేదనే నేనంటాను. స్కేల్ మీదే పది రోజులు నెట్టుకొచ్చే రోగుల్లో చాలామందికి ఇది ఇవ్వొచ్చు.

చుక్క ఎక్కడిది?

టార్గెట్ మీద గంటసేపు వాదించుకునేవాళ్లు మీటర్ గురించి ఒక్క మాట మాట్లాడరు. షాక్‌లో ఉన్న రోగి వేలు చల్లగా, వాచిపోయి ఉంటుంది. సూది గుచ్చి పిండితే వచ్చేది రక్తం కన్నా ఒంటి నీరు ఎక్కువ. ఆ అంకెని నమ్మి డ్రిప్ మార్చడం చీకట్లో రాయి వేయడమే. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టిన సన్న గొట్టం) ఉంటే అక్కడి రక్తం, అది ఏబీజీ మెషీన్‌లో (ధమని రక్తం పరీక్షించేది) పెడితే ఇంకా మంచిది, పొటాషియం కూడా అందులోనే వచ్చేస్తుంది. మామూలు గ్లూకోమీటర్లు చాలావాటిలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే షుగర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. హిమోగ్లోబిన్ 6, 7 ఉన్న రోగులు మన దగ్గర కొల్లలు. మీటర్ 150 అంటుంది, అసలు 120 ఉండొచ్చు. విటమిన్ సి పెద్ద డోసుల్లో ఇస్తున్నా కొన్ని మీటర్లు తప్పు చెబుతాయి.

లైన్ నుంచి తీసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. బ్రిటన్‌లో ఆర్టీరియల్ లైన్ ఫ్లష్‌కి (గొట్టం మూసుకుపోకుండా పంపే ద్రవానికి) సెలైన్ బదులు పొరపాటున గ్లూకోజ్ సీసా తగిలించడం, శాంపిల్‌లో ఆ గ్లూకోజ్ కలిసి షుగర్ ఎక్కువ కనబడటం, ఇన్సులిన్ పెంచుతూ పోయి రోగుల మెదడు దెబ్బతినడం, చనిపోవడం కూడా రికార్డయ్యాయి. అనుకోకుండా 400 వస్తే ఇన్సులిన్ ముట్టుకోకముందు ఫ్లష్ బ్యాగ్ మీద ఏం రాసుందో చదవండి. డెక్స్‌ట్రోస్ పోతున్న చేతికే వేలు గుచ్చడం కూడా ఇలాంటిదే.

చేతికి అతికించే సెన్సార్లు ఇప్పుడు చాలామంది అటెండెంట్లే కొనుక్కొస్తున్నారు, "ఇది పెట్టండి మేడమ్, మా నాన్నకి మాటిమాటికీ గుచ్చొద్దు" అని. కోరిక అర్థం చేసుకోదగ్గదే. షుగర్ ఎటు పోతోందో, పడుతోందో పెరుగుతోందో, తెలుసుకోవడానికి అవి బాగుంటాయి. కానీ అవి చూసేది చర్మం కింది ద్రవంలోని షుగర్‌ని, రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, షాక్‌లో, వాపులో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అలారంలా వాడుకోండి, డ్రిప్ రేటు మాత్రం రక్తం చూసే మార్చండి.

ఫీడ్ ఆగితే ఇన్సులిన్ ఆగాలి

ఐసీయూలో హైపోలు ఎలా వస్తాయని అడిగితే ఏ సీనియర్ సిస్టర్ అయినా మొదట చెప్పేది ఇదే. రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు నుంచి కడుపుకి వేసే గొట్టం) గంటకి 60 మి.లీ. ఫీడ్ పోతోంది, ఇన్సులిన్ గంటకి 4 యూనిట్లు. సీటీకి పిలుపొచ్చింది. ఫీడ్ ఆపారు, ట్యూబ్ బిగించారు, మానిటర్, ఆక్సిజన్ సిలిండర్, ఆంబూ బ్యాగ్ అన్నీ సర్దుకున్నారు. ఇన్సులిన్ పంప్‌కి బ్యాటరీ ఉంది కదా, అది రోగితోపాటే స్ట్రెచర్ ఎక్కింది. సీటీలో ముందు ఇద్దరు ఉన్నారు. మత్తులో ఉన్న మనిషి చెమట పట్టిందని, కళ్లు తిరుగుతున్నాయని చెప్పడు. తిరిగొచ్చి చూస్తే 38. వాంతి అయ్యి ఫీడ్ ఆపినా, డయాలసిస్ మొదలైనా, స్టెరాయిడ్ డోసు తగ్గించినా ఇదే వరస. డైటీషియన్, ఫిజియో, డ్యూటీ డాక్టర్, ఎవరు ఫీడ్ ఆపమన్నా వాళ్లే సిస్టర్‌ని "ఇన్సులిన్?" అని అడగాలి. ఈ ఒక్క నియమం ఏ టార్గెట్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

70 కన్నా కిందకి పడితే డ్రిప్ ఆపి, ప్రోటోకాల్‌లో రాసినంత 25 పర్సెంట్ డెక్స్‌ట్రోస్ నరంలో ఇచ్చి, 15 నిమిషాల్లో మళ్లీ చూడటం. డాక్టర్ ఫోన్ ఎత్తేదాకా ఆగకుండా సిస్టరే ఈ పని చేసేలా ముందే సంతకం చేసిన ఆర్డర్ ఉండాలి. ఇది ఇవ్వడానికి ఇష్టపడని కన్సల్టెంట్లు ఉన్నారు, వాళ్ల ఐసీయూలో డ్రిప్ ప్రోటోకాల్ పెట్టకపోవడమే మంచిది.

మరి మీకేది?

ఏబీజీ మెషీన్, ప్రతి మంచానికీ పంప్, సిస్టర్‌కి ఇద్దరు రోగులు మించకుండా ఉంటే: 180 దాటితే డ్రిప్, 140–180 టార్గెట్, నిలకడ వచ్చేదాకా గంటకోసారి. రేటు ఎంత మార్చాలో ఒకే పేజీలో రాసున్న చార్ట్ ఉండాలి. ఇప్పటి అంకె ఒక్కదాన్నే చూసే చార్ట్ వద్దు, కిందటి గంటతో పోల్చి ఎంత వేగంగా దిగుతోందో కూడా లెక్కలోకి తీసుకునేది కావాలి. 240 నుంచి 170కి దిగినా, 175 నుంచి 170కి దిగినా ఒకే రేటు చెప్పే చార్ట్ పనికిరాదు.

జిల్లా కేంద్రంలో పది పడకలు, రాత్రి ఇద్దరు సిస్టర్లు, ఒక డ్యూటీ డాక్టర్ ఉన్నచోట: ఒకేసారి ఇద్దరికి మించి డ్రిప్ మీద పెట్టొద్దు, మిగతావాళ్లకి బేసల్ ఇన్సులిన్, నాలుగు గంటలకోసారి చిన్న కరెక్షన్ డోసు, టార్గెట్ 200 లోపు. డ్రిప్ ఎవరికన్నది ఆ పూట ఇన్‌చార్జ్ సిస్టరే నిర్ణయించాలి. ఎవరి రోగి వీఐపీ అన్నదాన్ని బట్టి కాదు.

పంపులు లేని చోట మైక్రోడ్రిప్ సెట్‌తో చుక్కలు లెక్కపెట్టి ఇన్సులిన్ ఎక్కిస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. రోగి చెయ్యి మడిస్తే చుక్కలు ఆగుతాయి, చాపితే పరుగెడతాయి. ఒక్క పంప్ అయినా కొనండి, కుదరకపోతే బేసల్, కరెక్షన్‌లతో సర్దుకుని సీరియస్ కేసుని త్వరగా పెద్దాసుపత్రికి పంపండి.

ఏది ఎంచుకున్నా రోగిని వార్డుకి మార్చే రోజు ఇంకోసారి తప్పు జరిగే చోటు ఉంది. ఉదయం డ్రిప్ పీకేసి, మధ్యాహ్నం వార్డులో స్కేల్ మొదలుపెడితే సాయంత్రానికి 350. డ్రిప్ ఆపడానికి రెండు గంటల ముందే బేసల్ ఇన్సులిన్ చర్మం కింద ఇచ్చేయాలి. కిందటి రోజు డ్రిప్‌లో పోయిన మొత్తంలో 60–80 శాతం నుంచి లెక్క మొదలుపెడతారు. ఆ డోసు ఎన్ని గంటలకిచ్చారో ట్రాన్స్‌ఫర్ కాగితం పైన పెద్దక్షరాలతో రాయండి, వార్డు సిస్టర్ అదే డోసు రెండోసారి ఇవ్వకుండా ఉంటుంది.